గోలెం పాచి పట్టింది

బరంపురం,
జూలై 9, ఆదివారం

సరళా,

ఈ కాగితాన్ని వెనక్కి తిప్పకు. అటువైపు రామయ్యపట్నం కన్నమ్మ మొగుడు దేముడి మొహం ఉంది. ఆ రోజు నువ్వు గుమ్మంలో నిలబడి, వెలుతురుకి పట్టి చూసి, “నీళ్ళొచ్చాయండీ” అన్న ఫొటో ఇదే. కన్నమ్మ బల్ల మీద పడేసి పోయింది. చింపడానికి చేతులు రాలేదు. ఇంట్లో తెల్ల కాగితం లేక కాదు. నేను చేసిన పాపం రాసుకోవడానికి ఇదే సరైన కాగితం అనిపించింది.

నువ్వు గంజాం వెళ్ళి పదమూడు రోజులైంది. ఫోన్ చేస్తే ప్రతిసారీ మీ తమ్ముడు శ్రీనే ఎత్తుతున్నాడు. “అక్క తొంగుంది బావా” అంటాడు. పొద్దున్నా అదే మాట, మధ్యాహ్నమూ అదే మాట. ముప్పై ఏళ్ళ కాపురంలో నువ్వు పగటిపూట నడుం వాల్చడం నేను చూడలేదు. నాతో మాట్లాడటం ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం. ఉత్తరాన్ని శ్రీను ఎత్తి నువ్వు పడుకున్నావని చెప్పలేడు కదా.

కన్నమ్మ ఫొటో కోసం వచ్చేసరికి నువ్వు వంటింట్లో ఉన్నావు. నా మాటలు విన్నావు గాని కన్నమ్మ మొహం చూడలేదు. చేపల వేట నిషేధం ఎత్తేసిన వారానికే ఆవిడ మొగుడు దేముడు పడవ బోల్తాపడి పోయాడు. మూడో రోజుకి ఒడ్డుకి చేరాడు. పెళ్ళినాటి ఫొటో ఒకటి తెచ్చి, అందులో ఆయన మొహం ఒక్కటే పెద్దది చేసిమ్మంది. రంగులన్నీ చెడిపోయిన ఫొటో అది. అలాంటివి వస్తే నేనేం చేస్తానో నీకు తెలుసు. నలుపు తెలుపులోకి మార్చేస్తాను. అలా చేస్తే నా లోపం బయటపడదని నా ధీమా. ఆవిడ ఆ ప్రింటు చేత్తో పట్టుకుని నిలబడింది.

“ఇదేటి బాబూ? నల్లదీ తెల్లదీ సేత్తానన్నావు గదా. మా మనిసి మొకం పచ్చగుందేటి? మూడ్రోజులు నీల్లల్లో నాని ఒడ్డుకి సేరినప్పుడు ఇలాగే ఉన్నాడు. ఆ మొకం మరిసిపోదామనే గదా నీ కాడికొచ్చినాను. మల్లీ అదే మొకం నా సేతిలో ఎట్టినావా?”

సరళా, నాకు అది బూడిద రంగులోనే కనిపించింది. ఇప్పుడు తిప్పి చూసినా అంతే. ఆవిడ చూస్తున్నది నేను చూడలేకపోయాను. అప్పుడే పట్టు దుకాణం కాసులు గారు పాస్‌పోర్టు ఫొటో కోసం స్టూలు మీద కూర్చుని కాలరు గుండీ పెట్టుకుంటున్నారు. ఇద్దరూ నా వంకే చూశారు. నా నోటివెంట వచ్చిన మాట నువ్వూ విన్నావు. “నాను కాదమ్మా, మా ఇంటిది సూసి బాగుందన్నాది. దానికి రంగులు ఆనవు. సిన్నప్పట్నించీ అంతే.”

కాసులు గారి చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది. ఆయన దుకాణంలో పట్టు దారం చిలపలకి రంగులు జతచేసేది నువ్వే కదా. నాలుగో రోజుకి నీకు పని లేదన్నారు. “నాక్కాదండీ, మా ఆయనకి” అని నువ్వు ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఇంటికొచ్చి, కూర వండి, నాకు వడ్డించి, సంచి సర్దుకుని వెళ్ళిపోయావు. తిట్టి వెళ్ళినా బాగుండేది.

పెళ్ళయిన కొత్తలో నీకు బూడిద రంగు పట్టుచీర కొన్నాననుకుని గులాబి రంగుది పట్టుకొచ్చాను, గుర్తుందా? ముందు పగలబడి నవ్వావు. తర్వాత నా మొహం చూసి నవ్వడం మానేశావు. “ఎవరికీ సెప్పనులెండి” అన్నావు. అంతకు ముందు ఆ సంగతి నాన్నకి కూడా తెలియదు. చీకటి గదిలో ఎర్ర దీపం కింద నలుపు తెలుపు ఫొటోలు కడిగినంత కాలం నాకు రంగులతో పనే పడలేదు. కలర్ వచ్చాక నా కళ్ళు నువ్వే అయ్యావు. గిరాకీ ముందు బయటపడకుండా మన మాటలు మనం కల్పించుకున్నాం. పచ్చ ఎక్కువైతే “గోలెం పాచి పట్టిందండీ” అనేదానివి. ఊదా ఎక్కువైతే “వంకాయలు తెచ్చారా?” అని అడిగేదానివి. అంతా సరిగ్గా ఉంటే “నీళ్ళొచ్చాయండీ.” మన ఇంట్లో నీళ్ళ గోలెం అన్నిసార్లు పాచి పట్టడమేమిటని ఎదురింటివాళ్ళు ఆశ్చర్యపోయేవారు.

ఇప్పుడు ఇంక్‌జెట్ ప్రింటరు వచ్చాక నలుపు తెలుపు కూడా నాది కాకుండా పోయింది. ఎనిమిది సిరాలు కలిస్తే గాని దానికి బూడిద రంగు రాదు. ఒక్కటి తగ్గినా మొహం రంగు తిరుగుతుంది. అది తిరిగిందని చెప్పడానికి నువ్వుండాలి.

నాకు రంగులు తెలియవని నీ ఒక్కదానికే చెప్పాను. నీకు తెలియవని ఊరందరికీ చెప్పాను. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాసుకుని చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. నేనిక్కడ బాగాలేను, సరళా. ఒక్క ముక్క రాయి. తిట్టు రాసినా సరే.

నీ
జగ్గన్న


బరంపురం,
జూలై 16, ఆదివారం

సరళా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఈసారి కాగితాన్ని తిప్పి చూడమంటాను. వెనక ఉన్నవి గీతలు. ప్రింటరు నాజిళ్ళు, అంటే సిరా చిమ్మే సన్నటి కంతలు, పూడుకున్నాయో లేదో తెలుసుకోవడానికి అది వేసే గీతలు. పై నుంచి అయిదో వరసలో సగం గీతలు లేవు, చూశావా? ఊదా సిరా సరిగ్గా దిగలేదు. అందుకే దేముడి మొహం పచ్చబడింది.

ఇది ఎందుకు పంపుతున్నానంటే, గీత తెగిందో లేదో తెలియడానికి రంగులు కనపడక్కర్లేదు. నాలాంటివాడికీ కనిపిస్తుంది. కన్నమ్మ ఫొటో వేసే ముందు ఈ కాగితం ఒక్కటి తీసి చూసుంటే చాలు. వారం రోజులు ప్రింటరు ముట్టుకోలేదు, సిరా ఎండుతుందని తెలుసు, అయినా చూడలేదు. సరళ ఉంది కదా, అది చూసుకుంటుందిలే అనుకున్నాను. నా కళ్ళకి ఆననిది నీ మీద పెట్టాను, సరే. ఆనేది కూడా నీ మీదే పెట్టాను. తప్పు మొత్తం నాది. తప్పు నీదన్నాను.

ఈ వారం నేను పడ్డ పాట్లు చెబితే నవ్వుతావు. నవ్వాలనే చెబుతున్నాను. నాజిళ్ళు కడిగి, ఒక ప్రింటు తీసి, పట్టుకుని బజారులో పడ్డాను. టీ బడ్డీ జగుభాయిని “ఇది నలుపేనా?” అని అడిగాను. వాడు కళ్ళు చికిలించి, “కళా త, ఆఉ కణ?” అన్నాడు. నల్లదే కదా, ఇంకేంటట. మన బోర్డు మీద కళా స్టూడియో అని నాన్న గొప్పగా రాయించినప్పుడు, ఒడియాలో కళా అంటే నలుపు కూడా అని ఎవరో నవ్వారట. ఇన్నాళ్ళకి ఆ నవ్వు నాకు తగిలింది. మందుల షాపు సాయిపద్మని అడిగితే “కొంచెం నీలంగా ఉందేమో మావయ్యా” అంది. బస్‌స్టాండులో ఒకాయన ఎర్రగా ఉందన్నాడు. ముగ్గురు మూడు రంగులు చెప్పారు. ఎవరి మాట నమ్మను? నీ మాటని ముప్పై ఏళ్ళు మారు అడక్కుండా నమ్మాను.

శుక్రవారం నాకు పిచ్చి తెగువ వచ్చింది. అసలు ప్రింటరులో రంగే లేకుండా చేస్తే? ఎనిమిది గదుల్లోనూ సిరా తీసేసి, నల్ల సిరా ఒక్కటే తెప్పించి, పలుచన చేసి, ముదురు నుంచి లేత వరకు ఎనిమిది బూడిదలు కలిపి నింపాను. రెండు రోజులు నా గోళ్ళు బొగ్గు గనిలో పనిచేసేవాడి గోళ్ళలా ఉన్నాయి. ఎన్ని కాగితాలు పాడయ్యాయో అడక్కు. ఇవాళ పొద్దున దేముడి మొహం మొదటిసారి సరిగ్గా వచ్చింది. రంగు లేదు కాబట్టి రంగు తప్పే ప్రసక్తే లేదు. గెలిచాననుకుని గట్టిగా అరిచాను కూడా.

అరిచాక వంటింటి వైపు చూశాను. నువ్వు లేవు. అప్పుడు తెలిసింది నేను చేసింది ఏమిటో. నువ్వు లేకపోయినా పని జరిగే యంత్రాన్ని తయారుచేసుకున్నాను. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారే, అలా నాకు ఏడుపు ఎందుకొచ్చిందో నాకే తెలియలేదు. ఆ స్టూలు మీదే కూలబడి ఏడ్చాను. యాభై తొమ్మిదేళ్ళవాడిని.

నాకు నీ కళ్ళు అక్కర్లేదు, సరళా. నువ్వు కావాలి. ఇది ముందే, కళ్ళు కావలసిన రోజుల్లోనే చెప్పి ఉండాల్సింది.

నీ
జగ్గన్న


బరంపురం,
జూలై 24, సోమవారం

సరళా,

చెప్పాల్సినవాళ్ళకి చెప్పేశాను.

నిన్న రామయ్యపట్నం వెళ్ళాను. కన్నమ్మ వాకిట్లో కూర్చుని వల బాగుచేస్తోంది. ప్రింటు ఇచ్చే ముందే నిజం చెప్పాను. “అమ్మా, రంగులు ఆననిది నాకే. మా ఇంటిదాని మీదికి తోసేసినాను” అన్నాను. ఆవిడ వల మీంచి తలెత్తి, “మరి ఆ తల్లేదీ?” అంది. పుట్టింటికి పోయిందన్నాను. “పోదేటి మరి” అంది, అంతే. ఇంతవరకూ నన్ను ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు.

తర్వాత ఫొటో అందుకుంది. చీర కొంగుతో చేతులు తుడుచుకుని మరీ అందుకుంది. చాలాసేపు చూసి, “ఎండలోంచి ఇప్పుడే ఒచ్చినట్టున్నాడు. ఇదీ మా మనిసి మొకం” అంది. ఆ ఎండ మాట ఎందుకందో నాకు అర్థం కాలేదు. నలుపులో ఎండేమిటి? దుఃఖంలో ఉన్న మనిషి, ఏదో అని ఉంటుందనుకున్నాను.

ఇవాళ కాసులు గారి దుకాణానికి వెళ్ళాను. నలుగురు నేతవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే చెప్పాను. రెండు చిలపలు ఇచ్చి ఏది ఎరుపో చెప్పమన్నారు, చెప్పలేకపోయాను. ఒకతను నవ్వాడు. నవ్వనీ. ఇంకేముంది, కాసులు గారు లేచి “అయ్యయ్యో, ఆవిడ్ని రమ్మను” అంటారనుకున్నాను. అనలేదు. బల్ల మీద మడిచిపెట్టిన చీర ఒకటి విప్పి, అంచు చూసి, మళ్ళీ మడిచేశారు. “సూద్దాంలే జగ్గన్నా. ముందు ఆవిణ్ణి కులాసాగా ఉండమను” అన్నారు. నిజం చెప్పినా నమ్మడం లేదంటే నా అబద్ధం ఎంత లోతుగా దిగిందో చూడు.

ఇంటికొచ్చి స్టూడియో బయట అట్ట కట్టాను. “ఈ స్టూడియో యజమానికి రంగులు కనిపించవు. నలుపు తెలుపు ఫొటోలు మాత్రమే” అని తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి. దారినపోయేవాళ్ళు ఆగి చదువుతున్నారు. లోపలికి మాత్రం రావడం లేదు.

ఇంతకన్నా ఏం చెయ్యాలో నాకు తెలియదు. నీ పేరు నేనే పాడుచేశాను, బాగుచెయ్యడం నా చేతిలో లేకుండా పోయింది. ఒంటరిగా ఆ స్టూలు మీద కూర్చోవడం నావల్ల కావడం లేదు. ఈ నెలాఖరు దాకా చూస్తాను. నువ్వు రానంటే ఒకటో తారీఖున షట్టరు దించేస్తాను, మళ్ళీ ఎత్తను. బెదిరింపు కాదు. ఎవరికోసం ఎత్తాలి?

ఈ కాగితం వెనక ఉన్నది కన్నమ్మకిచ్చిన ఫొటోకి జత. దీన్ని తిప్పి చూసినా భయం లేదు.

నీ
జగ్గన్న


గంజాం,
జూలై 28, శుక్రవారం

ఏమండీ అంటే పలికే మీకు,

షట్టరు దించకండి. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతావి రాస్తాను. నా అక్షరాలు వంకరగా ఉన్నాయని బెంగ పెట్టుకోకండి, చివరికొచ్చేసరికి ఎందుకో తెలుస్తుంది.

మీ ఉత్తరాలు మూడూ అందాయి. శ్రీను చదివి వినిపిస్తానన్నాడు, వాడి చేతికి ఇవ్వలేదు. నేనే చదువుకున్నాను, మొదటి రెండూ ఒక్కొక్కటీ రెండు రోజులు పట్టాయి. ప్రతి ఉత్తరంలోనూ మీరు నా కాళ్ళ మీద పడుతుంటే నేను కూర్చున్నచోట కూర్చోలేకపోయాను. ఎందుకంటే మీరు అబద్ధం చెప్పలేదండీ. అబద్ధమనుకుని నిజం చెప్పేశారు. నాకు రంగులు ఆనడం లేదు.

చిన్నప్పటినుంచీ కాదు, నిరుడు దీపావళి నుంచి. మొదట గోడకి సున్నం పాతబడిందనుకున్నాను. తర్వాత మీ తెల్ల చొక్కాలన్నీ ఎంత ఉతికినా చాయ మారినట్టే కనిపించేవి, సబ్బుని తిట్టుకున్నాను. సంక్రాంతి పండగ ముందు కాసులు గారి దుకాణంలో నెమలికంఠం రంగు చిలప అనుకుని ముదురు పచ్చ చిలప జతచేసి ఇచ్చేశాను. చీర సగం నేశాక అంచు రెండు రంగులుగా వచ్చింది. మీరు బల్ల మీద చూసింది ఆ చీరే. ఆయన మంచివాడు, నన్ను ఏమీ అనలేదు. “ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?” అన్నారు. ఇంట్లో చెప్పొద్దని బతిమాలుకున్నాను. తర్వాత రెండుసార్లు మళ్ళీ తప్పాను. అప్పుడు మీ నోటి మాట ఆయన చెవిన పడింది. మీరు అనకపోయినా ఇంకో నెలలో నన్ను మానిపించేవారు.

ఇది మీకెందుకు చెప్పలేదంటారా? నాకు భయమేసింది. నేతవాళ్ళింటి పిల్లని, నాకు పెద్ద చదువు లేదు, కళ్ళే నా చదువు. ఇక మీకు కళ్ళంటే నేనే. నావి పోయాయంటే మీరు ఆ స్టూడియో మూసేసి మంచమెక్కుతారని తెలుసు. ఆ రోజు దేముడి ఫొటో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డానా, నాకేమీ తెలియలేదండీ. పాచో వంకాయో ఏదీ తెలియలేదు. “తెలీట్లేదు” అని ఒక్క మాట అంటే సరిపోయేది. “నీళ్ళొచ్చాయి” అనేశాను. కన్నమ్మ చేతిలో ఆ మొహం పెట్టింది మీరొక్కరే కాదు, నేను కూడా.

వంటింట్లోంచి మీ మాట విన్నప్పుడు నాకు కోపం రాలేదు. ఈయనకి ఎలా తెలిసిపోయిందీ అనుకున్నాను. మర్నాడైనా అడుగుతారని చూశాను. అడగలేదు. అంటే తెలిసే అన్నారు, నన్ను వదిలించుకుంటున్నారు అనుకున్నాను. నా బుద్ధి అలా పోయింది. అందుకే మాట్లాడకుండా వచ్చేశాను. ఇక్కడ పగలంతా కళ్ళు మూసుకుని పడుకున్న మాట నిజమే. శ్రీను అబద్ధమాడలేదు. చూడాలంటేనే భయమేసేది.

మీ రెండో ఉత్తరం చదివాక శ్రీనుకి చెప్పేశాను. వాడు నన్ను తిట్టి, వెంటనే కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలట. ఇంత చిన్న దానికి ఇన్ని నెలలు ఏడ్చావా అమ్మా అంది డాక్టరమ్మ. మంగళవారం కుడికంటికి ఆపరేషన్ చేశారు. బుధవారం కట్టు విప్పారు. ఎడమ కన్ను నెల తర్వాత.

కట్టు విప్పగానే మరదలు ఎదురుగా నిలబడింది. తను కట్టుకున్న చీర ఇన్నాళ్ళూ గోధుమ రంగనుకున్నాను. మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఇంటికొచ్చి ఎవరూ లేకుండా చూసి మీ మొదటి ఉత్తరం వెనక్కి తిప్పాను. తిప్పొద్దన్నారు, తిప్పుతానని మీకూ తెలుసు. కుడికంటితో చూశాను. అమ్మో. కన్నమ్మ అన్నది నిజం. నీళ్ళలో నానిన మొహమే. కుడికన్ను మూసి ఎడమ కంటితో చూశాను. పచ్చ లేదు, ఏమీ లేదు, ఉత్త బూడిద. అలా మార్చి మార్చి ఎన్నిసార్లు చూశానో. కుడికన్ను నాది, ఎడమ కన్ను మీది. ముప్పై ఏళ్ళు మీ పక్కన నిలబడి చెప్పానే గాని, మీకు ఎలా కనిపిస్తుందో నాకు తెలియదండీ. మొన్న తెలిసింది. చాలా ఏడ్చాను, మందు వేసిన కన్ను తడపకూడదన్నా వినలేదు.

ఇంకొక మాట. మీ మూడో ఉత్తరం వెనక ఫొటో కూడా చూశాను. భయం లేదన్నారు కదా. రంగే లేని ప్రింటరు చేశాను, ఇక ఎవరూ అక్కర్లేదు అనుకుంటున్నారేమో. మీ నల్ల సిరా ఉత్త నలుపు కాదు. పలచన చేసినచోటల్లా లేత బెల్లం రంగు తేలింది. బుగ్గల మీదా, నుదుటి మీదా. అందుకే కన్నమ్మకి ఆయన ఎండలోంచి వచ్చినట్టు కనిపించాడు. బాగుంది, అలాగే ఉంచండి. కానీ అది బెల్లమని మీకు తెలియదు కదా. మన మాటల్లో ఇన్నాళ్ళూ బెల్లం లేదు, ఇప్పుడు కలుపుకుందాం.

బయట కట్టిన అట్ట తీయకండి. దాని కింద ఇంకో వరస రాయించండి. “యజమాని భార్యకి ఒక కంటికి కనిపిస్తాయి. రెండోది వచ్చే నెల” అని. కాసులు గారికి నేనే చెప్పుకుంటాను.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకి వస్తున్నాను. నెల రోజులైంది, మీరు ఒక్కసారైనా కడిగి ఉండరు. గోలెం పాచి పట్టింది. ఈసారి నిజం గోలెమేనండీ, కడిగి ఉంచండి.

మీ
సరళ